స్టూలు మీద మేడమ్

ఆ కార్మిక శాఖ ఏ రాష్ట్రానిదని అడగకండి. పక్క రాష్ట్రానిది అనుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఆ శాఖ పుట్టిన దగ్గర్నుంచీ ముప్పై ఒక్కమంది కమిషనర్లు వచ్చారు, పోయారు. అందరూ మగవాళ్ళే. వాళ్ళలో పనిచేసినవాళ్ళున్నారు, చేయనివాళ్ళున్నారు, చేస్తారేమోనని అనుమానం కలిగించి ఆర్నెల్లలో బదిలీ అయిపోయినవాళ్ళున్నారు. ఒక్కరికైనా చేరిన రోజున సన్నాయి ఊదించిన పాపాన పోలేదు. వచ్చినాయన కుర్చీలో కూర్చునేవాడు, టీ తాగేవాడు, ఫైళ్ళు తెమ్మనేవాడు.

ముప్పై రెండో కమిషనర్‌గా తాళ్ళూరి సువార్త వచ్చింది. ఆడమనిషి. దాంతో తాము ఎంతటి అభ్యుదయవాదులో ఆ శాఖవాళ్ళకి ఒక్క పూటలో తెలిసొచ్చింది.

ఆమె కారు దిగేసరికి గేటు దగ్గర సన్నాయి మేళం, మెట్లకి అటూ ఇటూ పూలపళ్ళేలు పట్టుకుని ఆఫీసులో పనిచేసే ఆడవాళ్ళు నలభైమంది. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. సువార్త చివర నిలబడ్డ టైపిస్టు దగ్గర ఆగి, "ఎప్పట్నుంచి నిలబడ్డారమ్మా?" అని అడిగింది.

"ఎనిమిదింటి నుంచండి," అంది ఆమె. అప్పుడు టైము పదకొండు దాటింది.

పక్కన నడుస్తున్న అదనపు కమిషనర్ శేషాచలపతి అందుకున్నాడు. ఆ శాఖలో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఉన్న మనిషి. ఆయన మామూలుగా మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. మంచినీళ్ళు అడిగినా ప్రసంగంలాగే ఉండేది.

"స్త్రీశక్తికి స్త్రీమూర్తులే స్వాగతం పలకాలన్నది నా చిరకాల సంకల్పం మేడమ్," అన్నాడు.

సభ రెండు గంటలు సాగింది. షామియానా వాళ్ళ దగ్గర్నుంచి తెచ్చిన ఎర్ర మఖమలు సింహాసనంలో సువార్తని కూర్చోబెట్టి శాలువా కప్పారు. సన్మానపత్రం చదివారు. అందులో ఆమెని ధరిత్రితో, దీపంతో, కల్పవల్లితో పోల్చారు. ఆమె ఏం చదువుకుందో, ఏ పనులు చేసిందో మాత్రం రాయడం మరిచిపోయారు. "ఈమె వ్యక్తి కాదు, ఒక శకం," అని శేషాచలపతి ముగించాడు.

సభ అయ్యాక సువార్త, "బట్టల దుకాణాల ఫైలు తెప్పించండి," అంది.

"ఈరోజు శుభదినం మేడమ్. ఫైలు అశుభమని నేననను గానీ, ఈరోజుకి శోభించదు."

ఆమె బల్ల మీద అప్పటికే ఒక ఉత్తరం ఉంది. రూళ్ళ కాగితం మీద రాసింది. రాసినామె పేరు నూకరత్నం, వయసు నలభై మూడు. శ్రీ చీనాంబర వస్త్రసౌధంలో పట్టుచీరల విభాగంలో పదహారేళ్ళుగా పనిచేస్తోంది. ఉదయం తొమ్మిదిన్నరకి నిలబడితే రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడాల్సిందే. అన్నం తినే ముప్పావుగంట తప్ప కూర్చోవడం లేదు. కొనేవాళ్ళు లేకపోయినా కూర్చోకూడదు, దుకాణం నిద్రపోతున్నట్టు కనిపిస్తుందట. కాలి నరాలు ఉబ్బి, చీలమండ పైన పుండు పడింది. "డాట్రుగారు మందు రాశారండి. కూచోకపోతే మందు పనిచేయదన్నారండి. ఏడాదిలో మానకపోతే కాలికే మోసం వస్తాదన్నారండి. కూచోమని కాయితం రాసిచ్చారు గానీ మా మేనేజరుగారు అది చూసి నవ్వేరండి. తమరు ఆడవారు కాబట్టి రాస్తన్నాను." అంతే ఉత్తరం.

సువార్త దాన్ని రెండుసార్లు చదివింది. లా చదివే రోజుల్లో ఆమె ఒక చీరల కొట్లో రెండేళ్ళు నిలబడింది. సాయంత్రానికి చెప్పుల్లో పాదాలు పట్టేవి కావు. ఇంటికెళ్ళి గోడకి కాళ్ళు ఎత్తిపెట్టుకుని చదువుకునేది. ఆమె సర్వీసు ఇంకా పదకొండు నెలలే ఉంది. ఆ పదకొండు నెలల్లో ఈ ఒక్క పని చేసి పోవాలని ఆమె ఈ పోస్టు కోరి తెచ్చుకుంది. అప్పటికప్పుడు తెల్లకాగితం తీసి ఒక్క వాక్యం రాసింది. బట్టల దుకాణాల్లో పనిచేసే ప్రతి మహిళకూ కూర్చోవడానికి ఒక స్టూలు ఇవ్వాలి, గిరాకీ లేనప్పుడు ఆమెను కూర్చోనివ్వాలి. కింద సంతకం పెట్టి పంపింది.

ఆ వాక్యం వెళ్ళిన వారానికి శాఖలో ఒక కొత్త విభాగం వెలిసింది. దాని పేరు 'ప్రథమ మహిళా కమిషనర్ అభినందన విభాగం'. దానికి ఒక డిప్యూటీ, ఇద్దరు సూపరింటెండెంట్లు, ఒక జీపు. దుకాణాల తనిఖీకి జీపు లేదని నాలుగేళ్ళుగా రాస్తున్నారు, ఆ సంగతి వేరు. ప్రతి జిల్లా ఆఫీసూ మూడు నెలలకోసారి కమిషనర్ గారిని సన్మానించాలని, సన్మానించిన ఫొటోలు జతచేస్తూ నివేదిక పంపాలని ఉత్తర్వు వెళ్ళింది.

రెండు నెలల్లో ఆమెకి ఇరవై ఒక్క సన్మానాలు జరిగాయి. స్టూలు ఫైలు మాత్రం బల్లల మీద తిరుగుతోంది. ఒక బల్ల దగ్గర, "కూర్చోవడం పనియా, విశ్రాంతియా అన్నది నిర్ధారించవలసి ఉన్నది," అని రాశారు. ఇంకో బల్ల దగ్గర, "స్టూలు అనగా మూడు కాళ్ళదా, నాలుగు కాళ్ళదా? నిపుణుల అభిప్రాయం అవసరం," అన్నారు. శేషాచలపతి అన్నిటికంటే పైన రాశాడు. "ప్రతిపాదన సముచితమే. అయితే ఒక శకానికి ప్రతీక అయిన మహనీయురాలి తొలి ఉత్తర్వు స్టూలు వంటి అల్ప వస్తువుకు సంబంధించినదై ఉండుట ఆమె ఖ్యాతికి తగునా అన్నది పునరాలోచించవచ్చును."

సువార్త ఆయన్ని పిలిపించింది. "నా ఖ్యాతి సంగతి నేను చూసుకుంటాను. ఫైలు ఎప్పటికి వస్తుంది?"

"కమిటీ కూర్చోవాలి మేడమ్."

"కూర్చోమనండి."

"కమిటీ సభ్యులంతా తమరి సన్మాన ఏర్పాట్లలో ఉన్నారు మేడమ్."

ఆమెకి వొళ్ళు మండింది. కానీ ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆమె నేర్చుకున్నది ఒకటుంది. ఆఫీసులో ఆడమనిషి గొంతు పెంచితే విషయం పక్కకు పోయి గొంతు ఒక్కటే మిగులుతుంది. అందుకని ఊరుకుంది.

మూడో నెలలో దుకాణదారుల సంఘం ఆమెని సన్మానించింది. సంఘానికి అధ్యక్షుడు విశ్వపతి. చీనాంబర సౌధం యజమాని కూడా ఆయనే. సభ ఆ సౌధంలోనే, పట్టుచీరల అంతస్తులో. నూకరత్నాన్ని చూడవచ్చునని సువార్త ఒప్పుకుంది.

ఏడింటికి ఆమె వెళ్ళేసరికి ఒకే రంగు చీరల్లో అరవైమంది ఆడవాళ్ళు రెండు వరుసల్లో నిలబడి ఉన్నారు. చేతుల్లో పళ్ళేలు. మధ్యాహ్నం రెండింటి నుంచి అలాగే ఉంచారట, రిహార్సల్ అని. సువార్త ఒక్కొక్కరి పాదాలే చూసుకుంటూ నడిచింది. ఒకామె ఎడమ కాలికి గుడ్డ కట్టు ఉంది.

"నూకరత్నమా?"

"అవునండి."

సువార్త ఆమె చేతిలో పళ్ళెం తీసి మేనేజరుకి ఇచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని వేదిక మీదకి తీసుకెళ్ళింది. అక్కడ తన కోసం వేసిన సింహాసనం చూపించి, "కూర్చోమ్మా," అంది. నూకరత్నం భయంతో యజమాని వైపు చూసింది.

"వారిని చూడకు. కూర్చో."

ఆమె అంచు మీద కూర్చుంది. సువార్త పక్కన నిలబడి మైకు తీసుకుంది. "ఈమె కూర్చుంటే ఎవరి ప్రాణాలూ పోలేదు చూడండి. నేను అడిగేది ఇంతే," అంది.

విశ్వపతి లేచి చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. శేషాచలపతి కళ్ళు తుడుచుకుంటూ మైకు అందుకున్నాడు. "సింహాసనాన్ని తృణప్రాయంగా త్యజించిన ఈ వినయాన్ని చరిత్ర ఎన్నడైనా చూసిందా?" అన్నాడు. అక్కడికక్కడే 'వినయరత్న' అని బిరుదు ప్రకటించారు. బిరుదు ఇవ్వాలంటే సువార్త కూర్చోవాలి కనుక నూకరత్నాన్ని లేపేశారు. మర్నాడు పేపర్లలో సువార్త వినయం గురించి నాలుగు కాలమ్‌లు వచ్చాయి. కట్టు కట్టిన కాలు గురించి ఒక్క ముక్క లేదు.

సువార్త ఇంక లాభం లేదనుకుని ఒక సర్క్యులర్ రాసింది. ఇకమీదట నాకు ఎవరూ సన్మానాలు చేయరాదు, చేసినవారిపై చర్య తీసుకోబడును. పది రోజులకి ఆహ్వానపత్రిక వచ్చింది. సన్మానాలను తిరస్కరించిన ప్రథమ అధికారిణికి మహాసన్మానం. ఆ సర్క్యులర్ ప్రతిని మంత్రిగారి చేతుల మీదుగా ఆవిష్కరించబోతున్నారు. "ఆవిష్కరణ జరగనిదే సర్క్యులర్ అమల్లోకి రాదు మేడమ్," అని శేషాచలపతి వినయంగా చెప్పాడు. "తమరు రాకపోతే తమ ఉత్తర్వును తామే అడ్డుకున్నట్టవుతుంది."

ఆమె వెళ్ళింది. ఆ వేదిక మీదే, మైకు పట్టుకుని ఉన్న మంత్రిగారిని పట్టుకుని స్టూలు సంగతి అడిగింది. జనం ముందు కాదనలేక ఆయన, "తప్పకుండా, వారంలో," అనేశాడు. ఆ ఒక్క ఉపయోగం సన్మానాల వల్ల జరిగింది.

నిజంగానే వారంలో ఉత్తర్వు గెజిట్‌లో వచ్చింది. సువార్త ఒక్క వాక్యం పంపితే మూడు అచ్చయ్యాయి. మొదటిది ఆమె రాసిందే. రెండోది: 'ఈ చారిత్రక సంస్కరణకు కృతజ్ఞతగా ప్రతి స్టూలు మీద, కూర్చునే భాగమున, ప్రథమ మహిళా కమిషనర్ వారి వర్ణచిత్రము ముద్రింపబడవలెను.' మూడోది: 'సదరు చిత్రమునకు అగౌరవము కలిగించు ఎట్టి చర్యయైనను శిక్షార్హము.' రెండూ అభినందన విభాగం చేర్చినవి.

స్టూళ్ళు దుకాణాలకి చేరాయని విన్న రోజే ఆమె కారు వేసుకుని నేరుగా చీనాంబర సౌధానికి వెళ్ళింది. విశ్వపతి ఎదురొచ్చి, "రూలు వచ్చిన మర్నాడే తెప్పించామండి. మా సంఘంలో మేమే ఫస్టు," అన్నాడు గర్వంగా. పట్టుచీరల అంతస్తులో గోడకి పొడుగాటి చెక్క అర కట్టించారు. దాని మీద వరసగా అరవై స్టూళ్ళు. ప్రతి స్టూలు మీదా సువార్త మొహం, నవ్వుతూ. ప్రతి మొహానికీ కుంకుమ బొట్టు, చిన్న చామంతి దండ. ముందు అగరొత్తులు వెలుగుతున్నాయి. కింద, ఆ స్టూళ్ళకి వీపులు తిప్పి, అరవైమందీ నిలబడి ఉన్నారు.

"ఇవి పైన ఎందుకున్నాయండీ?" అని అడిగింది సువార్త.

విశ్వపతికి ప్రశ్న అర్థం కాలేదు. "మరి కింద పెడితే ఎవరైనా కూర్చుంటారు కదండీ," అన్నాడు.

"కూర్చోడానికే కదా స్టూలు."

"తమరి మొహం మీదాండీ?" ఆయన చెంపలు వేసుకున్నాడు. "మా ఇంటా వంటా లేదండి అలాంటి బుద్ధి."

సువార్త నూకరత్నం దగ్గరకి వెళ్ళింది. కట్టు పెద్దదయింది. "నువ్వయినా దించుకుని కూర్చోవచ్చుగా అమ్మా," అంది మెల్లగా.

"ఎలా కూచోనండి," అంది నూకరత్నం. "తమరు మా కోసం ఇంత చేసేరు. తమరి బొమ్మ మీద కూచుంటే కళ్ళు పోవా అండి. పైగా జైలంట."

సువార్తకి ఆ క్షణంలో ఎక్కడైనా దూరంగా పోయి ఏడవాలనిపించింది. ఏడవలేదు. ఆఫీసుకి వచ్చి, రెండో, మూడో నిబంధనలు తొలగించమని రాసి పంపింది. మూడోనాడు ఫైలు తిరిగొచ్చింది. శేషాచలపతి ఎర్రసిరాతో రాశాడు. "సదరు చిత్రము కమిషనర్ గారిదే అయినందున, తన విషయమున తానే నిర్ణయము తీసుకొనుట సహజ న్యాయసూత్రములకు విరుద్ధము. కావున నిర్ణయాధికారము అదనపు కమిషనర్‌కు సంక్రమించినది. పై అధికారి చిత్రమును తొలగించు సాహసము కింది అధికారి చేయజాలడు. కావున యథాతథము."

ఆమె ఆ ముక్కని చాలాసేపు చూసింది. తప్పు పట్టడానికి ఎక్కడా సందు లేదు. శేషాచలపతి దుర్మార్గుడు కూడా కాదు, అదే కష్టం. ఆయన నిజంగానే భక్తితో రాశాడు. ఆడమనిషి చెప్పినమాట వినడం కంటే ఆమెకి దండ వెయ్యడం ఎంత సులువో అక్కడ అందరికీ తెలుసు. తెలుసని మాత్రం వాళ్ళకి తెలియదు.

నెలలు గడిచాయి. రాష్ట్రమంతా పధ్నాలుగు వేల దుకాణాల్లో స్టూళ్ళు గోడలెక్కాయి. కొన్నిచోట్ల శుక్రవారం పూజలు మొదలయ్యాయి. అమలు నూటికి నూరు శాతమని నివేదిక వచ్చింది. దానికో సన్మానం జరిగింది.

పదో నెలలో నూకరత్నం కూర్చుంది. పాపం, తెలిసి కూర్చోలేదు. మధ్యాహ్నం కళ్ళు తిరిగి పడబోతే పక్కనున్న అమ్మాయిలు అర మీద నుంచి ఒక స్టూలు దించి కింద పెట్టారు. ఆమె అయిదు నిమిషాలు కూర్చుంది. ఆ పూట తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ చూశాడు. పదహారేళ్ళుగా ఆమె నిలబడటం ఏ ఇన్‌స్పెక్టర్ కంటా పడలేదు. అయిదు నిమిషాలు కూర్చోవడం పడింది. ఆ చారిత్రక సంస్కరణ కింద రాష్ట్రంలో మొట్టమొదటి కేసు ఆమె మీదే నమోదైంది. విచారణ తేలేదాకా పనిలో ఉంచుతామని, నేరం రుజువైతే తీసేస్తామని విశ్వపతి నోటీసు ఇచ్చాడు. మీ బొమ్మకి జరిగిన అవమానానికి చింతిస్తున్నామని సువార్తకి విడిగా ఒక ఉత్తరం రాశాడు.

నూకరత్నం నోటీసు పట్టుకుని సువార్త ఇంటికి వచ్చింది. సువార్త ఆమెని సోఫాలో కూర్చోబెట్టి కాలు బల్ల మీద పెట్టించింది.

"ఉద్యోగం పోతే మందులకి కూడా దారి లేదండి," అంది నూకరత్నం. "తమరు కేసు కొట్టేయలేరాండీ?"

"అది నా బొమ్మ కాబట్టి నేను ముట్టుకోకూడదంట."

నూకరత్నం కొంచెం జంకుతూ, "పోనీ తమరి బొమ్మ కాకుండా ఇంకెవరి బొమ్మయినా ఉంటే బావుణ్ణండి," అంది.

ఆ మాట సువార్త చెవిలో ఉండిపోయింది. రిటైరవడానికి ఇరవై రోజులుంది. ఆమె తర్వాత కమిషనర్ ఎవరో అప్పటికే అందరికీ తెలుసు, శేషాచలపతే.

మర్నాడు ఆమె ఒక సవరణ రాసింది. 'వ్యక్తులు అశాశ్వతులు, పదవి శాశ్వతము. కావున ప్రథమ మహిళా కమిషనర్ వారి వర్ణచిత్రము అనుచోట, ఆయా కాలమున పదవిలోనున్న కమిషనర్ వారి వర్ణచిత్రము అని చదువుకొనవలెను.' ఆయన భాషలోనే రాసింది, నచ్చాలని. అది శేషాచలపతి బల్ల మీదకి వెళ్ళిన గంటకి ఆయనే పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"మేడమ్, ఇంతటి ఔదార్యమా?" ఆయన రెండు చేతులూ జోడించాడు. "అయితే ఇది నా విషయం కూడా అవుతుంది కనుక, నేను అభ్యంతరం చెప్పే అర్హత కోల్పోయాను."

"అవును, మీ విషయంలో మీరే నిర్ణయం తీసుకోకూడదు," అంది సువార్త.

"ధర్మం తప్పను మేడమ్," అన్నాడాయన. సవరణ ఒక్కరోజులో గెజిట్ చేరింది. ఆయన సూటు కుట్టించుకుని, పట్నంలో మంచి స్టూడియోకి వెళ్ళి మూడు భంగిమల్లో ఫొటో దిగాడు. పధ్నాలుగు వేల దుకాణాల్లో తన మొహం కనిపిస్తుందన్న ఆలోచనతో ఆయనకి ఆ నెల భోజనం సహించలేదు.

నెలాఖరున సువార్త రిటైరైంది. వీడ్కోలు సభలో ఆమెని ధరిత్రితో, దీపంతో, కల్పవల్లితో పోల్చారు. ఒకటో తారీఖున శేషాచలపతి కుర్చీ ఎక్కాడు. నూకరత్నం కేసు మధ్యాహ్నానికి విచారణకి పెట్టారు. పొద్దున్నే తయారీదారులు నమూనా స్టూలు ఒకటి ఆయన ఇంటికి పంపించారు. ఆయన దాన్ని హాల్లో నడిమధ్య పెట్టి భార్యని పిలిచాడు.

ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. స్టూలు మీద ఆమె భర్త నవ్వుతున్నాడు.

"ఇదేంటి?" అంది.

ఆయన చారిత్రక సంస్కరణ గురించి వివరించాడు. ఆవిడ సాంతం విని, "అంటే ఊళ్ళో ఆడవాళ్ళందరూ వచ్చి మీ మొహం మీద కూర్చుంటారా?" అంది.

"కూర్చోకూడదు. శిక్షార్హం."

"ఇవాళ మీ దగ్గరికొచ్చే కేసు అదేగా, ఎవరో కూర్చుందని? రేపు ఇంకో ఆవిడ మీ మీద కూర్చుంటుంది. ఆవిడ ఎంతసేపు కూర్చుంది, ఎలా కూర్చుంది అని మీరే విచారణ చేస్తారు. పేపర్లో వేస్తారు. మా తమ్ముడు చదువుతాడు." ఆవిడ స్టూలుని కాలితో తలుపు వెనక్కి నెట్టింది. "ఆ సువార్తమ్మ గారి మొహం ఉన్నన్నాళ్ళూ ఏం తోచలేదేం మీకు?"

ఆయనకి నిజంగానే తోచలేదు. ఆడమనిషి బొమ్మ అయితే దండ వేసి పైన పెడితే సరిపోయింది, ఎవరి మర్యాదా పోలేదు. ఇప్పుడు మగవాడి మొహం. అదీ తన మొహం. ఆ పూట ఆయన టిఫిన్ ముట్టకుండా ఆఫీసుకి పరిగెత్తాడు.

సువార్త పదకొండు నెలలు తలకిందులుగా తపస్సు చేసినా కదలని ఫైలు ఆ రోజు పదిన్నరకి బయల్దేరి రెండుంపావుకి పూర్తయింది. కమిటీ కూర్చోలేదు, నిలబడే సంతకాలు పెట్టింది. స్త్రీలు పరపురుషుని చిత్రముపై ఆసీనులగుట మన సంస్కృతికి విరుద్ధమైనందున రెండవ, మూడవ నిబంధనలు మొదటి నుంచీ లేనట్టే భావించవలెనని ఉత్తర్వు. తన విషయంలో తానే నిర్ణయం తీసుకోరాదన్న సహజ న్యాయసూత్రం ఆ పూట ఎక్కడికి పోయిందో ఎవరూ అడగలేదు. నిబంధనే లేదు కనుక నూకరత్నం మీద కేసూ లేదు. సాయంత్రానికి స్టూళ్ళు గోడలు దిగాయి. విశ్వపతి మనుషులు బ్లేళ్ళతో సువార్త మొహాలు గీకేశారు.

పేపర్లు శేషాచలపతిని 'ఆసన ప్రదాత' అన్నాయి. స్త్రీలకు కూర్చునే హక్కు ప్రసాదించిన ప్రథమ పురుష కమిషనర్ అని చీనాంబర సౌధంలోనే సన్మానం పెట్టారు. సువార్తకి కూడా కార్డు వచ్చింది, 'పూర్వపు అధికారి' అని. ఆమె నూకరత్నాన్ని చూడాలని అయిదింటికి ముందే వెళ్ళి, చెప్పుకోదగ్గ పనేమీ లేని మనిషిలా వెనక వరసలో కూర్చుంది. నిజం చెప్పాలంటే ఆమెకి మనసులో చివుక్కుమంది. ఆ పనికి తన పేరు అక్కర్లేదని పదకొండు నెలలు అనుకుంది. తీరా లేకుండా పోయేసరికి అది అంత తేలిగ్గా లేదు.

నూకరత్నం తన స్టూలు మీద కూర్చుని ఉంది. కాలికి కట్టు చిన్నదయింది.

అయిదింటికి మేనేజరు వచ్చి చప్పట్లు కొట్టాడు. "లేవండమ్మా, లేవండి. పళ్ళేలు తీసుకోండి. కమిషనర్ గారు ఏడింటికి వస్తారు. రెండు వరుసల్లో నిలబడాలి."

అందరూ లేచారు. నూకరత్నం లేవలేదు.

"ఏమ్మా, నీకు విడిగా చెప్పాలా?"

"నేను లేవకూడదండి," అంది నూకరత్నం.

"ఎందుకని?"

"ఆయనగారు ఇచ్చిన స్టూలు కదండీ. ఆయనొచ్చే టైముకి మేం నిలబడుంటే, ఇచ్చింది మాకు అక్కర్లేదన్నట్టు కాదా అండి? ఆయనకి అగౌరవం కదండీ?"

మేనేజరు వెళ్ళి విశ్వపతిని అడిగాడు. విశ్వపతి అభినందన విభాగానికి ఫోన్ చేశాడు. అగౌరవం అన్న మాట వినగానే అవతలివాళ్ళు కంగారుపడి, రిస్కు తీసుకోవద్దు, కూర్చోనివ్వండి అన్నారు. ఈలోగా పళ్ళేలు కింద పెట్టేసి ఒక్కొక్కరే కూర్చోవడం మొదలుపెట్టారు. కొందరు చెప్పులు విడిచి పాదాలు రుద్దుకున్నారు. ఒకావిడ గట్టిగా నిట్టూర్చి, "అమ్మయ్య," అంది. సువార్త ఆ మాట వింది. చివుక్కుమన్నది ఎక్కడికో పోయింది.

ఏడింటికి సన్నాయి మోగింది. శేషాచలపతి కొత్త సూటులో లోపలికి వచ్చి, రెండు చేతులూ జోడించి, అలవాటుగా అటూ ఇటూ చూశాడు. అరవైమందీ కూర్చునే ఆయనకి నమస్కారం పెట్టారు. వేదిక మీద సింహాసనం ఉంది, కానీ దాన్ని తృణప్రాయంగా త్యజించడం ఆ శాఖలో కమిషనర్లకి ఆనవాయితీ అయిపోయింది. అందుకని సభ జరిగిన రెండు గంటలూ ఆ అంతస్తులో నిలబడి ఉన్నది ఆయనొక్కడే.